విశాఖపట్నం తొలి ఆధునిక గృహాలు

విశాఖపట్నం తొలి ఆధునిక గృహాలు అనగా 1930ల ఆరంభం నుండి 1950ల చివరి వరకు విశాఖపట్నం పాతనగరంలోను, దానికి ఉత్తరాన ఉన్న చెంగల్రావుపేట, మహారాణిపేట ప్రాంతాలలోను సిమెంటు, ఇనుము, కాంక్రీటు ఉపయోగించి కట్టిన నివాస గృహాలు. కాలం దృష్ట్యా ఇవి పెంకుటింటికి, నేటి అపార్ట్‌మెంటుకు నడుమ నిలుస్తాయి. రాజుల కోటలుగాని, దొరల బంగళాలుగాని కానందున వీటిని గురించి పుస్తకాలలో రాసినది తక్కువ. వీటిలో ఎక్కువ భాగం ఇరుకు వీధులలో, దుకాణాల బోర్డుల వెనుక ఉండడం వలన వాహనంలో వెళ్ళేవారి కంటికి ఆనవు. వీటిని చూడడానికి అనువైన పద్ధతి నడక. టౌన్‌హాల్ నుండి కింగ్ జార్జి ఆసుపత్రి వరకు ఉన్న రెండు, మూడు కిలోమీటర్ల దారిలో నగరపు గృహనిర్మాణం మారిన క్రమం దాదాపుగా వరుసలోనే కనిపిస్తుంది.

పేరు

ఇటువంటి భవనాలను ఇప్పుడు సాధారణంగా "ఆర్ట్ డెకో" శైలి భవనాలు అంటున్నారు. 1925లో పారిస్ నగరంలో జరిగిన అలంకరణ కళల ప్రదర్శన నుండి ఈ పేరు పుట్టింది; అయితే భవనాల విషయంలో ఇది విరివిగా వాడుకలోకి వచ్చినది 1960లలో. అంటే విశాఖలో ఈ ఇళ్ళు కట్టినవారికి, కట్టించుకున్నవారికి ఆ మాట తెలియదు. వారు "మేడ" అన్నారు, "డాబా" అన్నారు, కొంత గొప్పగా చెప్పదలచినపుడు "బిల్డింగు" అన్నారు. పైగా ఈ ఇళ్ళన్నీ ఒకే శైలికి చెందినవి కావు. కొన్నింటిలో ఓడను తలపించే గుండ్రని మూలలు, అడ్డగీతలు ఉంటే, మరికొన్నింటిలో ఏ అలంకారమూ లేని చదునైన గోడలు మాత్రమే ఉంటాయి. ఒకే ఇంట్లో క్రింది అంతస్తు పాత పద్ధతిలో, మేడ కొత్త పద్ధతిలో ఉండడమూ సాధారణమే. అందువలన అన్నింటినీ ఆర్ట్ డెకో అని పిలవడం సౌకర్యమే గాని ఖచ్చితం కాదు. "తొలి ఆధునిక గృహాలు" అనే విశాలమైన పేరే వీటికి తగినది.

నేపథ్యం

విశాఖపట్నం పాతనగరం దక్షిణాన ఉప్పుటేరుకు, తూర్పున సముద్రానికి మధ్య ఉన్న చిన్న ప్రదేశం. 17వ శతాబ్ది చివరి దశకాలలో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకస్థానం నెలకొల్పింది. కోటవీధి, సోల్జర్‌పేట వంటి పేర్లు ఆ కాలపు గుర్తులు. 1901 జనాభా లెక్కల ప్రకారం ఊరి జనాభా 40,892. అప్పటికి ఇది జిల్లా కేంద్రం, కలెక్టరు కచేరీ, కోర్టులు ఉన్న ఊరు. పెద్ద ఓడలు తీరానికి దూరంగా సముద్రంలోనే ఆగేవి, సరుకులు పడవలపై ఒడ్డుకు చేరేవి.

ఊరి స్వరూపాన్ని మార్చినది 1923 నుండి 1933 వరకు గడచిన పదేళ్ళ కాలం. 1923లో వైద్య కళాశాల (నేటి ఆంధ్ర వైద్య కళాశాల), కింగ్ జార్జి ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. 1926లో బెజవాడలో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలివచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు 1927లో ఉప్పుటేరు చిత్తడి నేలను తవ్వి నౌకాశ్రయ నిర్మాణం మొదలుపెట్టారు. ముఖద్వారం వద్ద అలల తాకిడిని ఆపడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారు. పార్వతీపురం మీదుగా రాయపూర్‌కు రైలుమార్గం 1931లో పూర్తయి, మధ్య పరగణాల మాంగనీసు ఖనిజానికి సముద్రపు దారి దొరికింది. 1933 అక్టోబరు 7న "జలదుర్గ" అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ నౌకాశ్రయాన్ని లాంఛనంగా ప్రారంభించాడు.

ఈ మూడు సంస్థలు ఊరికి తెచ్చినది సరుకులనూ చదువులనూ మాత్రమే కాదు. నెలనెలా జీతం అందుకునే కొత్త వర్గం కూడా వీటితోపాటే వచ్చింది. వైద్యులు, అధ్యాపకులు, రైల్వే, రేవు ఉద్యోగులు, ఓడల ఏజెంట్లు, వీరితోపాటు కోర్టులను నమ్ముకున్న వకీళ్ళు. వీరికి జమీందారులవలె ఎస్టేట్లు లేవు, వ్యవసాయ కుటుంబాలవలె ధాన్యపు కొట్లు, గొడ్ల సావిళ్ళు అక్కరలేదు. తక్కువ స్థలంలో, గాలీ వెలుతురూ వచ్చే, ముందుగది బయటివారికి, వెనుకగదులు ఇంటివారికి అన్నట్లుండే ఇల్లు వారికి కావలసింది. అప్పటి మండువా లోగిలి ఆ అవసరానికి సరిపోలేదు. తొలి ఆధునిక గృహం పుట్టుకకు కారణం పారిస్ ప్రదర్శనకంటె ఈ జీతపు కుటుంబం అనడమే సమంజసం.

సిమెంటు రాక

అంతకుముందు ఊళ్ళో పెద్ద ఇళ్ళను రాయి లేదా ఇటుకతో, సున్నపు అడుసుతో కట్టేవారు. గోడల మందం ఒకటిన్నర అడుగుల నుండి రెండడుగుల దాకా ఉండేది. పైకప్పు పెంకుదైనా కావచ్చు, "మద్రాసు టెర్రాసు" అయినా కావచ్చు. మద్రాసు టెర్రాసులో దూలాలపై దగ్గరదగ్గరగా వాసాలు పరచి, వాటిపై సన్నని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో సున్నంతో పేర్చి, ఆపైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు దిమ్మిసా కొట్టి, చివరగా చదును బిళ్ళలు పరిచేవారు. ఇది చల్లగా ఉంటుంది, ఎన్నో ఏళ్ళు నిలుస్తుంది. అయితే గది వెడల్పు దూలం పొడవును మించడానికి వీలులేదు. గోడ దాటి బయటకు కప్పును సాచడానికి కూడా వీలు తక్కువ.

ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు పలక (స్లాబు) ఈ రెండు హద్దులనూ తొలగించింది. 1936లో పది సిమెంటు కంపెనీలు కలిసి ఏ.సి.సి. సంస్థగా ఏర్పడ్డాయి. అంతకుముందే, 1927లో ఏర్పడిన కాంక్రీట్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా సిమెంటు వాడకాన్ని ప్రచారం చేస్తూ ఇళ్ళ నమూనాలతో పుస్తకాలు అచ్చువేసేది. 1930లలో పూనాకు చెందిన ఇంజనీరు ఆర్. ఎస్. దేశ్‌పాండే మధ్యతరగతి ఇళ్ళ ప్లానులతో వెలువరించిన ఇంగ్లీషు పుస్తకాలు దేశమంతటా ప్రచారం పొందాయి. ఇటువంటి నమూనాల వలన దూరదూరపు ఊళ్ళలోని ఇళ్ళకు పోలికలు వచ్చాయి. బొంబాయి మెరీన్ డ్రైవ్ భవనాలలోని అడ్డగీతలు మద్రాసు, హైదరాబాదు వీధులలోను, కోస్తా ఆంధ్ర పట్టణాలలోను కనిపించడానికి కారణం ఇదే.

ఈ ఇళ్ళలో చాలావాటికి వాస్తుశిల్పి ఎవరో చెప్పే ఆధారం గోడమీద ఉండదు. భారతదేశంలో వాస్తుశిల్పి వృత్తిని నమోదు చేసే చట్టం 1972లో మాత్రమే వచ్చింది. అంతకుముందు చిన్న పట్టణాలలో ఓవర్సీరు గీసిన ప్లాను, మేస్త్రీ చేతిపని, యజమాని చూసి వచ్చిన ఏదో ఒక మేడ – ఈ మూడూ కలిసి ఇల్లయ్యేవి. ఎక్కడా రెండు ఇళ్ళు ఒకేలా ఉండకపోవడానికి, ఏ ఇల్లూ పూర్తిగా కొత్తగా అనిపించకపోవడానికి కారణం ఈ పద్ధతే.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ రేవుపై బాంబులు వేశాయి. ప్రజలు లోపలి ఊళ్ళకు తరలిపోయారు. ఇళ్ళ నిర్మాణం సహజంగానే మందగించింది. యుద్ధానంతరం కూడా సిమెంటు ప్రభుత్వ నియంత్రణలోనే ఉండేది. దీని ప్రభావం 1940ల చివరి ఇళ్ళపై చూడవచ్చు: అలంకారం తగ్గి, గోడలు ఇటుకవే ఉండి, కాంక్రీటు స్లాబుకు, సన్‌షేడ్లకు మాత్రమే పరిమితమైంది. 1948 మార్చి 14న సింధియా నౌకా నిర్మాణ కేంద్రంలో తయారైన "జల ఉష" ఓడను జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించాడు. 1957లో కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. అప్పటికే ఊరి జనాభా లక్ష దాటింది. ఈ కాలంలో కట్టిన ఇళ్ళు తొలి ఆధునిక గృహాలలో రెండవ తరానికి చెందినవి.

ఇంటిని గుర్తించడం

వీధిలో నిలబడి చూచేవారు మొదట చూడవలసినది పిట్టగోడ. పాత మేడలకు పిట్టగోడపై సున్నపు పూలకుండీలు, చిన్న చిన్న స్తంభాల వరుసలు ఉంటాయి. కొత్త పద్ధతి ఇంటికి పిట్టగోడ మధ్యభాగం మెట్లు మెట్లుగా పైకి లేచి, దానిపై కట్టిన సంవత్సరమో, ఇంటిపేరో, ఓంకారమో సిమెంటు అక్షరాలలో ఉంటుంది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాతి ఇళ్ళపై అశోకచక్రం, భారతమాత, నెమలి వంటి బొమ్మలు కూడా కొన్ని ఊళ్ళలో కనిపిస్తాయి. సంవత్సరం ఉంటే పరిశీలకునికి శ్రమ తప్పుతుంది. అయినా అది మేడ వేసిన సంవత్సరమా, క్రింది ఇల్లు కట్టిన సంవత్సరమా అన్నది కప్పు చూసి సరిచూసుకోవలసి ఉంటుంది.

రెండవది సన్‌షేడు. కిటికీలపై ఒకటిన్నర, రెండడుగుల ముందుకు వచ్చిన సన్నని కాంక్రీటు పలక ఇది. మంచి ఇళ్ళలో ఇది ఒక్కొక్క కిటికీకి విడిగా కాక, ఇంటి ముందు నుండి పక్కకు మూల తిరిగి సాగే ఒకే పట్టీగా ఉంటుంది. కనుబొమ్మను పోలిన ఈ పట్టీయే ఇంటికి అడ్డంగా సాగే రూపాన్ని ఇస్తుంది. ఇది కేవలం సొగసుకోసం కాదు. విశాఖలో ఏటవాలు వాన, పడమటి ఎండ రెండూ తీవ్రమే. పెంకుటింటి చూరు చేసిన పనిని చదును కప్పు ఇంట్లో సన్‌షేడు చేస్తుంది. చూరును తీసివేసి సన్‌షేడును మరచిన తరువాతి కాలపు ఇళ్ళలో గోడలు చెమ్మగిల్లడం ఎవరైనా గమనించవచ్చు.

మూడవది మూల. వీధులు కలిసే చోట ఉన్న ఇళ్ళకు మూలను కోణంగా కాక గుండ్రంగా తిప్పడం ఈ కాలపు మేస్త్రీకి ఇష్టమైన పని. గుండ్రని వసారా, దానిపై గుండ్రని బాల్కనీ, ఇనుప గొట్టాల రెయిలింగు, ఓడ కిటికీవంటి వర్తులాకారపు వెంటిలేటరు కలిసి ఉన్నచోట ఓడ పోలిక స్పష్టమవుతుంది. పాశ్చాత్య దేశాలలో ఓడలను చూసి వాస్తుశిల్పులు ఈ రూపాలను తీసుకున్నారు. విశాఖలో మాత్రం అదే వీధి చివర నిజమైన ఓడలు కనిపించేవి. ఉత్తరాంధ్ర తీర గ్రామాలలో తుఫాను గాలికి నిలిచే చుట్టిళ్ళు ఎప్పటినుండో ఉన్నాయి. గుండ్రని గోడ ఇక్కడివారికి వింత కాదు. అయితే ఈ రెండింటికీ సంబంధం ఉన్నదనడానికి ఆధారం లేదు. మట్టి చుట్టిల్లు పైకప్పు బరువును, గాలిని లెక్కించి పుట్టినది, మేడ మూల చూపుకోసం పుట్టినది.

ఇంటి లోపల నేల చాలాచోట్ల ఎర్రని గచ్చు, లేదా మొజాయిక్. ఎర్ర గచ్చును సిమెంటులో ఎర్రరంగు కలిపి, తాపీతో నునుపు చేసి, ఎన్నో రోజులు తడిపి ఆరబెట్టేవారు. ఏళ్ళ తరబడి తుడవడం వలననే దానికి మెరుగు వస్తుంది. మెట్లు ఇంటి నడుమ నుండి కాక పక్కనుండి, కొన్నిచోట్ల వీధి వైపు నుండే మేడకు వెళతాయి. మేడను అద్దెకివ్వడానికి ఇది అనుకూలం. అద్దె రాబడి కూడా ఈ ఇళ్ళ ప్లానులో భాగమేనని దీనివలన తెలుస్తుంది. మండువా లోగిలిలో పై అంతస్తును పరాయివారికి ఇవ్వడం ఊహకందని విషయం.

అరుగు మాత్రం పోలేదు. పేరు మారి వరండా మెట్టు అయినా, వీధి వైపు కూర్చోవడానికి ఒక చప్టా చాలా ఇళ్ళకు ఉన్నది. పుస్తకాల నమూనాలలో లేని ఈ చప్టాను మేస్త్రీయో, ఇంటి పెద్దవారో అడిగి చేర్పించుకొని ఉంటారు.

నడక మార్గం

వారసత్వ పరిరక్షణకు 1984లో ఏర్పడిన ఇన్‌టాక్ సంస్థ యొక్క విశాఖపట్నం శాఖ పాతనగరంలో వారసత్వ నడకలు నిర్వహిస్తున్నది. ఇటువంటి నడకలు సాధారణంగా ప్రసిద్ధ కట్టడాల చుట్టూ సాగుతాయి. అవే కట్టడాలను మైలురాళ్ళుగా పెట్టుకొని వాటి మధ్యనున్న ఇళ్ళను చూడడం ఇక్కడ వివరించిన మార్గం ఉద్దేశం.

ప్రారంభస్థానం టౌన్‌హాల్. 20వ శతాబ్ది ఆరంభంలో బొబ్బిలి రాజా వారి దాతృత్వంతో వెలసిన ఈ రాతి భవనం, సమీపంలోని క్వీన్ మేరీ ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాల సిమెంటుకు పూర్వపు నిర్మాణ పద్ధతిని తెలుపుతాయి. మందపు గోడలు, కమానులు, ఎత్తైన గదులు, పెద్ద వరండాలు. వీటిని ముందుగా చూసిన కంటికి తరువాతి ఇళ్ళ పలుచదనం వెంటనే తెలుస్తుంది.

అక్కడి నుండి కోటవీధి మీదుగా కురుపాం మార్కెట్ వైపు నడిస్తే వీధులు ఇరుకవుతాయి. బంగారు, వెండి దుకాణాలకు పేరుపొందిన ఈ ప్రాంతంలో క్రింద అంగడి, పైన నివాసం ఉండే ఇళ్ళు ఎక్కువ. ఇక్కడ క్రింది అంతస్తును చూడడం వృథా. గాజు తలుపులు, బోర్డులు దానిని పూర్తిగా మార్చివేశాయి. ఎదుటి వైపు నిలబడి తల పైకెత్తితే పాత పిట్టగోడలు, సిమెంటు జాలీలు, నిలువు చారల కిటికీ గ్రిల్లులు కనిపిస్తాయి. పక్కపక్కనే ఉన్న మూడు ఇళ్ళలో ఒకటి పెంకుటిల్లు, ఒకటి మద్రాసు టెర్రాసు, ఒకటి స్లాబు ఇల్లు కావడం ఈ భాగంలో అరుదు కాదు. మూడింటినీ పోల్చి చూడడం విద్యార్థులకు పాఠ్యపుస్తకం చేయలేని పని చేస్తుంది.

మెయిన్ రోడ్డు వెంట పూర్ణా మార్కెట్ వైపు సాగే దారి వర్తక భాగం. ఏ.వి.ఎన్. కళాశాల (స్థాపన 1860) పరిసరాలలోను, చెంగల్రావుపేటలోను నేల కొంత ఎత్తుపల్లాలుగా ఉంటుంది. వాలు నేలపై కట్టిన ఇళ్ళకు వీధివైపు మెట్లు, వెనుకవైపు దిగువ గది ఉంటాయి. ఈ వీధులు తెలుగు సాహిత్య చరిత్రకు కూడా సంబంధించినవి. శ్రీశ్రీ (1910), ఆరుద్ర (1925) ఈ ఊరిలోనే జన్మించారు; రాచకొండ విశ్వనాథశాస్త్రి ఇక్కడే న్యాయవాద వృత్తి చేశాడు. ఆయన కథలలోని కోర్టు పక్షులు, గుమాస్తాలు, చిన్న వ్యాపారులు నడిచిన ఊరు ఇదే.

జగదాంబ సినిమాహాలు పేరుతో ప్రసిద్ధమైన కూడలి దాటాక దారి ఎత్తెక్కి కింగ్ జార్జి ఆసుపత్రికి, కలెక్టరు కార్యాలయానికి, మహారాణిపేటకు చేరుతుంది. ఇక్కడ ఇంటికీ వీధికీ సంబంధం మారిపోతుంది. పాతనగరంలో గోడకు గోడ ఆనుకొని వీధిపైనే తెరచుకున్న ఇల్లు, మహారాణిపేటకు వచ్చేసరికి ప్రహరీ లోపలికి జరిగి, నాలుగు వైపులా ఖాళీ వదలి, ముందు పోర్టికో పెట్టుకున్నది. వైద్య కళాశాలకు, ఆసుపత్రికి సమీపంలో ఉండడం వలన వైద్యులకు ఇది అనువైన నివాసప్రాంతమైంది. ముందుగదిని వైద్యశాలగా వాడుకోవడానికి వీధి నుండి విడిగా ద్వారం పెట్టిన ఇళ్ళు ఇందుకు సాక్ష్యం. గుండ్రని బాల్కనీ, పొడవు సన్‌షేడు తమ పూర్తి రూపంలో కనిపించేది ఇటువంటి విడి ఇళ్ళలోనే. సముద్రం వైపు చూసే గదులకు కిటికీలు ఎక్కువ, పడమటి గోడకు తక్కువ.

నడకకు ఉదయపు వేళ అనుకూలం. దుకాణాలు తెరవక ముందు పాతనగరం వీధులు ఖాళీగా ఉంటాయి, తూర్పు వెలుగులో గోడలపై సిమెంటు పనితనం స్పష్టంగా కనిపిస్తుంది. ఇవి ప్రదర్శనశాలలు కావు, కుటుంబాలు నివసిస్తున్న ఇళ్ళు. కనుక లోపలికి తొంగిచూడడం, అనుమతి లేకుండా చిత్రాలు తీయడం తగదు. అడిగితే మాత్రం ఇంటి పెద్దలు లోపలికి పిలిచి గచ్చును, దూలాలను చూపించి, ఇంటి కథ చెప్పడం ఈ ఊరిలో అసాధారణం కాదు.

ఉప్పుగాలి, తుప్పు

ఈ ఇళ్ళకు ప్రధాన శత్రువు వాటిని కట్టిన పదార్థంలోనే ఉన్నది. సిమెంటు సహజంగా క్షారగుణం కలది. దానివలన లోపలి ఇనుప చువ్వపై ఒక పలుచని రక్షణపొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. సముద్రపు గాలిలోని లవణం కాంక్రీటు రంధ్రాలగుండా లోపలికి చేరినపుడు ఆ పొర చెడిపోతుంది. తుప్పు అసలు ఇనుముకంటె ఎన్నో రెట్లు ఎక్కువ స్థలం ఆక్రమిస్తుంది కనుక అది లోపలినుండి కాంక్రీటును పగులగొట్టి పెచ్చులుగా రాల్చుతుంది. పగులుగుండా మరింత ఉప్పు, మరింత నీరు చేరి క్షయం వేగవంతమవుతుంది.

చువ్వకు, బయటి గాలికి మధ్య కాంక్రీటు ఎంత మందం ఉంటే అంత మేలు. నేటి భారతీయ ప్రమాణం (ఐ.ఎస్. 456, 2000) తీరప్రాంతపు తీవ్ర పరిస్థితులకు 45 మిల్లీమీటర్ల మందం సూచిస్తున్నది. తొలితరం సన్‌షేడు మొత్తం మందమే రెండు, మూడు అంగుళాలు. చువ్వపై అరంగుళం కప్పు ఉంటే ఎక్కువ. చేతితో కలిపిన కాంక్రీటు అన్నిచోట్లా ఒకే గట్టితనంతో ఉండదు. ఇసుక సరిగా కడగనిదైతే ఉప్పు మొదటినుండీ లోపలే ఉన్నట్లు. అందుచేతనే ఈ ఇళ్ళలో మొదట కూలేది సన్‌షేడు. ఇంటికి రూపమిచ్చిన భాగమే ముందుగా పోతుంది. విచిత్రమేమంటే అంతకు పూర్వపు సున్నపు గోడలకు, మద్రాసు టెర్రాసుకు ఈ జబ్బు లేదు. పాతది గట్టిగా ఉండి, కొత్తది శిథిలమైన దృశ్యం పాతనగరంలో తరచు ఎదురవుతుంది.

పెచ్చులూడిన చోట పైపైన సిమెంటు పూయడం సాధారణంగా చేసే మరమ్మతు. ఇది తుప్పును కప్పిపుచ్చుతుందే గాని ఆపదు. సరియైన పద్ధతిలో వదులైన కాంక్రీటును చువ్వ వెనుక వరకు తొలగించి, చువ్వను తళతళలాడేటట్లు గీకి, బాగా తినివేసినచోట కొత్త చువ్వ జతచేసి, తుప్పు నిరోధక పూత వేసి, ఆపైన ప్రత్యేకమైన మోర్టారుతో పూర్వపు ఆకారం తిరిగి తేవాలి. దీనికి ఖర్చు ఎక్కువ, తెలిసిన మేస్త్రీలు తక్కువ. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను పెంకుల కప్పులకు చేసిన నష్టం అందరికీ కనిపించింది. ఇటువంటి ఇళ్ళలో పగుళ్ళగుండా చేరే తడి చేసే హాని మాత్రం ఏళ్ళ తరువాత గాని బయటపడదు.

చట్టం, యాజమాన్యం

1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం ప్రకారం ఒక కట్టడం ప్రాచీన కట్టడంగా పరిగణింపబడాలంటే కనీసం 100 సంవత్సరాల వయస్సు ఉండాలి. అంటే నౌకాశ్రయం తెరచిన సంవత్సరంలో కట్టిన ఇంటికి ఆ అర్హత 2033లో గాని రాదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏటి ఇంటికి 2047 వరకు ఆగాలి. అర్హత వచ్చినంత మాత్రాన ఇటువంటి సాధారణ గృహాన్ని ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటిస్తుందని ఆశించడానికి కూడా లేదు.

నగర ప్రణాళిక నిబంధనల ద్వారా రక్షించడం మరొక మార్గం. దీనికి వయోపరిమితి అవసరం లేదు. బొంబాయి 1995లో ఇటువంటి వారసత్వ నిబంధనలు తెచ్చింది. అక్కడి విక్టోరియన్ గోథిక్, ఆర్ట్ డెకో భవన సముదాయాలకు 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించింది. అక్కడి ఆర్ట్ డెకో భవనాలలో చాలావరకు నివాసపు అపార్ట్‌మెంట్లే కావడం గమనార్హం. హైదరాబాదులో 1995లో తెచ్చిన నిబంధనను 2015లో రద్దు చేశారు. విశాఖలో స్మార్ట్ సిటీ పథకం కాలంలో టౌన్‌హాల్ వంటి ప్రజా భవనాల పునరుద్ధరణపై దృష్టి పడింది. రాజులు, దొరలు కట్టించిన భవనాలకు పేరు, శిలాఫలకం, ప్రభుత్వ యాజమాన్యం ఉన్నాయి. గుమాస్తా కట్టుకున్న ఇంటికి అవేవీ లేవు.

యజమానుల కోణం నుండి చూస్తే విషయం ఇంకొక విధంగా ఉంటుంది. మొదటి యజమాని మనుమలకు, మునిమనుమలకు ఇల్లు వాటాలుగా వచ్చింది. వారిలో కొందరు వేరే నగరాలలో, విదేశాలలో ఉంటారు. నలుగురికి ఒక మేడను పంచడం కష్టం. బిల్డరుకు స్థలమిచ్చి తలొక ఫ్లాటు తీసుకోవడం సులభం. పాత ఇంటి అద్దె దాని మరమ్మతుకు చాలదు. 1980ల తరువాత ఆంధ్రప్రదేశ్‌లో బలపడిన వాస్తు నమ్మకం కూడా కొంత పనిచేసింది: గుండ్రంగా తిరిగిన మూలను దోషమని కోణంగా మార్చిన ఇళ్ళు, ఈశాన్యాన ఉన్నాయని మెట్లు పడగొట్టిన ఇళ్ళు ఉన్నాయి. వీరిని తప్పుపట్టడం సులభమే గాని, ఇంటిని నిలబెట్టుకున్నందుకు వారికి లభించే పన్ను రాయితీగాని, మరమ్మతు సలహాగాని ఏమిటన్న ప్రశ్నకు జవాబు వెతకవలసినది నగరపాలకులు.

1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారంతో నగరం నైరుతికి విస్తరించింది. ఉక్కునగరంలో గృహనిర్మాణం సంస్థ ప్లానుల ప్రకారం వరుసలుగా జరిగింది. అది వేరొక కాలపు కథ. మేస్త్రీ, యజమాని కలిసి వీధిలో నిలబడి మూల ఎంత గుండ్రంగా ఉండాలో నిర్ణయించుకున్న పద్ధతి అప్పటికే ముగిసింది.

పత్రీకరణ

రక్షణ సాధ్యం కానిచోట పత్రీకరణ మిగిలిన ఉపాయం. ఒక ఇంటికి సంబంధించి వీధి నుండి తీసిన చిత్రం, పిట్టగోడపై ఉన్న సంవత్సరం, కప్పు రకం, నేల రకం, సన్‌షేడు పొడవు, ఇంటివారు చెప్పిన మేస్త్రీ పేరు నమోదు చేస్తే ఆ ఇల్లు పోయినా సమాచారం నిలుస్తుంది. మునిసిపాలిటీ ఆమోదముద్ర ఉన్న పాత ప్లాను కాగితాలు చాలా ఇళ్ళలో ఇనుప పెట్టెలలో ఉండవచ్చు; నీలిరంగు కాగితంపై తెల్లగీతలతో ఉండే ఈ ప్లానులు ఇంటికన్నా ముందే చెదలుకు ఆహారమవుతున్నాయి. చరిత్ర, వాస్తుశాస్త్రం, సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇది పెద్ద ఖర్చు లేని క్షేత్రపరిశోధన. కొలత టేపు, నోటుపుస్తకం, ఇంటివారి అనుమతి ఉంటే చాలు.

పాతనగరంలో ఒక వీధిని ఈ విధంగా నమోదు చేయదలచినవారు మొదట మూల ఇళ్ళతో ప్రారంభించడం మంచిది. రోడ్డు వెడల్పు చేసినపుడు ముందుగా పోయేవి అవే.